మధ్యాహ్నపు అరుగు

ఇంటిల్లిపాది భోజనములు ముగిసి, వంటిల్లు సర్దుకొని, సాయంకాలపు కాఫీకి పాలు పొయ్యిమీద పెట్టులోపల గృహిణికి మిగులు కాలమెంతయో, సోదరీమణులారా, మీరెప్పుడైనను లెక్కించి చూచితిరా? మా వీధిలో మేము లెక్కించితిమి. రెండు గంటలు మొదలు మూడున్నర వరకు, గంటన్నర. అదియు నిత్యము దొరకదు. చుట్టములు వచ్చిన దినమున లేదు. పిల్లలకు ఒళ్లు వెచ్చబడిన దినమున లేదు. ఆవకాయల రోజులలో అసలే లేదు. అయినను నెలకు ఇరువది దినములైనను ఈ గంటన్నర మాకు దక్కుచున్నది. దానినేమి చేసుకొనుచున్నామో చెప్పుటకే ఈ వ్యాసము.

2019 సంవత్సరమున భారత ప్రభుత్వమువారు దేశమంతట కుటుంబములు తమ కాలమునెట్లు గడుపుచున్నవో సర్వే జరిపించిరి. ఇంటిపనిలో పాలుగొను స్త్రీలు దానికై దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు అందులో తేలినది. ఈ పనికి జీతము లేదు. 2024 లో మరల లెక్కించినప్పుడు స్త్రీల భాగము 289 నిమిషములకును, పురుషుల భాగము 88 నిమిషములకును దిగినది. ఈ అంకెలను నేను అరుగుమీద చదివి వినిపించగా మా అత్తగారు, "మనకు పది నిమిషాలు తగ్గాయి, బాగానే ఉంది. వాళ్లకు తగ్గిన తొమ్మిది నిమిషాల పని ఎవరు చేస్తున్నారో అది కూడా రాశారా?" అని అడిగిరి. వ్రాయలేదని చెప్పితిని.

మాది పాలకొల్లు. మా వీధిలో ఒకప్పుడు ప్రతి యింటికిని అరుగులుండెడివట. ఇప్పుడు పెంకుటిండ్లు పోయి మేడలు లేచినవి. అరుగుల చోట మోటారు సైకిళ్లు నిలుచుచున్నవి. మిగిలిన అరుగు మాదొక్కటియే. మా మామగారు ఇల్లు తిరిగి కట్టించినప్పుడు మేస్త్రీ దానిని తీసివేసినచో ముందుగది పెద్దదగునని ఎంతో చెప్పెను. మామగారు వినలేదు. ఆయన తనకొరకే దానిని నిలుపుకొన్నారు. ఉదయము ఆయన పత్రిక చదువుకొనుటకు, మధ్యాహ్నము మా సభకు అది పనికివచ్చుచున్నది.

సభ యన్నది పెద్ద మాట. అధ్యక్షురాలు లేదు, చందా లేదు. వచ్చువారు ఏడెనిమిది మంది. ఇట్టి కూటములకు మన దేశమున పెద్ద చరిత్రయే కలదు. భండారు అచ్చమాంబగారు 1902 లో మచిలీపట్టణమున స్త్రీ సమాజమును నెలకొల్పిరి. ఆనాటివారు విద్యకొరకును, లోకజ్ఞానముకొరకును కూడిరి. మాకు అంత పెద్ద ఉద్దేశము లేదు. ఎవరికి ఏది వచ్చునో, ఏది చేయుటయందు సంతోషమున్నదో, దానిని పదిమంది నడుమ కూర్చుండి చేయుట, అడిగినవారికి చూపుట, ఇంతే. మాకున్న నియమములు రెండు. వచ్చినవారు ఊరక చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. అక్కడ లేనివారిని గూర్చి మాటాడరాదు. మొదటి నియమము చక్కగా జరుగుచున్నది.

ఎదురింటి పిన్నిగారు పత్తి తెచ్చి వత్తులు చేయుదురు. వారి కుండీలలోని చిక్కుడు విత్తనములు, బంతి నారు మా యిండ్లన్నిటికిని అందినవి. మూలయింటి వదినగారికి పాత చీరల అంచులతో సంచులు కుట్టుట సరదా. మా అత్తగారు వామనగుంటలాడుదురు. ఆ పీట వారు పుట్టింటినుండి తెచ్చుకొన్నది; రెండు వరుసలు, వరుసకు ఏడేసి గుంటలు. మేము గుంటకు నాలుగేసి చింతపిక్కలు వేయుదుము, మొత్తము యేబదియారు. ఆఫ్రికా ఖండమున మంకాల యని పిలువబడు ఆటలు ఈ జాతివేయని చదివినప్పుడు ఆమె ఆశ్చర్యపడి, "అయితే వాళ్లు చింతపిక్కలు ఎక్కడ తెచ్చుకుంటారు?" అనిరి. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికాయే యనియు, అక్కడినుండియే మన దేశమునకు వచ్చినదనియు చెప్పినచో ఇప్పటికిని నమ్మరు.

ఇక ముగ్గుల మాట.

మా వీధిలో ముగ్గులు తెలియని స్త్రీ లేదు గాని, ముగ్గులకు పెద్దదిక్కు పక్కింటి అత్తయ్యగారు. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. ఆమె యొద్ద మూడు ముగ్గుల పుస్తకములున్నవి. ఒకటి ఆమె తల్లిది, ఒకటి పెండ్లికి ముందు తాను వ్రాసుకొన్నది, ఒకటి కాపురమునకు వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువారి గుమ్మముల ముందు చూచి ఎక్కించుకొన్నది. గళ్ల కాగితములు కావు, మామూలు లెక్కల పుస్తకములు. ప్రతి ముగ్గు క్రిందను ఎన్ని చుక్కలో, ఎంతవరకో, సందు చుక్కయో సరి చుక్కయో వ్రాసియుండును. కొన్నింటి క్రింద ఊరి పేరును, ఎవరివలన నేర్చుకొన్నదియు కూడ కలదు. "ఆచంట, చిన్నక్క అత్తగారు" వంటివి. వంటలు నేర్చుకొన్నచో మనము పేరు వ్రాసి పెట్టుకొనము. ముగ్గు విషయమున మాత్రము ఆమె ఎవరి ఋణమును మరువలేదు.

నేటి చిన్నవారిలో అందరికిని ఈ పద్ధతి తెలియదు గనుక రెండు మాటలు చెప్పెదను. ఏడు చుక్కలు నాలుగు వరకు సందు చుక్క యన్నచో, నడుమ వరుసలో ఏడు చుక్కలు పెట్టి, దాని పైని క్రిందను చుక్కకును చుక్కకును సందులో ఆరు, ఆపైన అయిదు, ఆపైన నాలుగు పెట్టి ఆపవలెను. మొత్తము ముప్పదియేడు చుక్కలు. పదునైదు చుక్కలు ఎనిమిది వరకు పెట్టినచో నూట అరువదితొమ్మిది. సరి చుక్కలో చుక్క క్రింద చుక్క నేరుగా వచ్చును. సందు చుక్క పువ్వులకును తారలకును అనుకూలము. సరి చుక్క మెలికలకు మేలు. చుక్క తప్పినచో గీత యెంత అందముగా గీసినను కుదరదు. నాలుగవ వరుసలో తప్పినది పదవ వరుసలో బయటపడును.

మెలికల ముగ్గులో గీత చుక్కలను తాకదు. ఏటవాలుగా చుక్కల నడుమ దూరి, అంచునకు చేరినప్పుడు కడపటి చుక్కను చుట్టి వెనుకకు మరలి, బయలుదేరిన చోటికే వచ్చి చేరును. అన్ని చుక్కలను ఒక్క గీతయే చుట్టి వచ్చినచో ఆ ముగ్గు వేసిన చేతికి కలుగు తృప్తి వేరు. కాని అన్ని కొలతలకు అట్లు రాదు. మూడు చుక్కలు మూడు వరుసలు పెట్టినచో మూడు వేరు వేరు గీతలు కావలెను. నాలుగు చుక్కలు మూడు వరుసలు పెట్టినచో ఒక్క గీత చాలును. ఇది ఎందువలనో మాకెవరికిని తెలియదు. అత్తయ్యగారికి మాత్రము సూత్రమొకటి యుండెను. "నిలువుకంటె అడ్డం ఒక్కటి తక్కువ పెట్టు, తాడు తెగదు" అని ఆమె తల్లి చెప్పినదట. అయిదుకు నాలుగు, ఆరుకు అయిదు, ఏడుకు ఆరు. ఆమె అరువది యేండ్లుగా అట్లే పెట్టుచున్నారు, ఎన్నడును తెగలేదు.

మా మేడమీద అద్దెకున్నవారి అమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుచున్నది. వేసవి సెలవులలో ఆ పిల్లయు అరుగునకు వచ్చెడిది. ఆమెకు లెక్కలన్న భయము, ముగ్గులన్న మక్కువ. ఒకనాడు అయిదు చుక్కలు మూడు వరుసలు పెట్టి మెలిక వేసి, "మామ్మగారూ, ఇక్కడ రెండు తేడా ఉంది కదా, అయినా ఒక్క గీతే వచ్చిందేం?" అని అడిగెను. అత్తయ్యగారు చూచి, మరల వేయించి, తాను కూడ వేసి, "వచ్చిందే!" అనిరి. అంతట వారిద్దరికిని పట్టుదల పుట్టినది. నాలుగు దినములు పలకలమీద, కాగితములమీద అన్ని కొలతలును వేసిరి. ఆరుకు నాలుగు పెట్టిన రెండు గీతలు. ఆరుకు మూడు పెట్టిన మూడు. ఎనిమిదికి నాలుగు పెట్టిన నాలుగు. ఏడుకు మూడు పెట్టిన ఒకటి. అయిదవ నాడు ఆ పిల్ల పుస్తకము క్రిందపెట్టి, "ఇది గ.సా.భా., మామ్మగారూ!" అని కేకవేసెను. నిజమే. నిలువు చుక్కల సంఖ్యకును అడ్డము సంఖ్యకును గల గరిష్ఠ సామాన్య భాజకమెంతయో, గీతలన్ని కావలెను. ఒకటి తేడా గల ఏ రెండు సంఖ్యలకును ఒకటి తప్ప సామాన్య భాజకముండదు గనుక అత్తయ్యగారి తల్లి చెప్పిన సూత్రము ఎప్పుడును తప్పదు. అయితే అది పూర్తి సూత్రము కాదు, అందులో ఒక భాగము.

అంగోలా దేశమున చోక్వే యను జాతివారు ఇసుకలో చుక్కలు పెట్టి వాని చుట్టును ఇట్లే గీతలు గీయుదురట. వానికి సోనా యని పేరు. వారిలో ఈ పని పురుషులది. మొజాంబికు దేశపు గణితవేత్త పౌలస్ గెర్డెస్ వానిని పరిశోధించి గ్రంథములు వ్రాసెను. మన పక్కనే మదరాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి దంపతులును, కమలా కృతివాసన్‌గారును 1974 లో తమిళ స్త్రీల కోలములను ఆధారముగా గొని, కంప్యూటరు శాస్త్రమునకు పనికివచ్చునట్లు చిత్రములకు వ్యాకరణము వంటి దానిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. ఇవి తెలిసిన పిదప మా వదినగారు, "చూశారా, మనం వీధిలో తొక్కించేదాన్ని వాళ్లు పుస్తకాల్లో పెట్టుకున్నారు" అనిరి. ఆ పిల్ల లెక్కల భయము పూర్తిగా పోయినదని చెప్పను. పరీక్షలో మార్కులు మునుపటివలెనే వచ్చినవి. కాని గ.సా.భా. అన్నచో ఇప్పుడు నవ్వుచున్నది.

ఇంత చెప్పి, ఆ అత్తయ్యగారు తన గుమ్మము ముందు ముగ్గు వేయరని చెప్పకుండుట న్యాయము కాదు. ఆమె భర్త 2019 లో గతించిరి. నాటినుండి ఆమె వాకిట ముగ్గుపిండి పట్టలేదు. పనిమనిషి కళ్లాపి చల్లి నాలుగు గీతలు లాగి పోవుచుండెను. కొడుకు వద్దనలేదు, కోడలు అసలే వద్దనలేదు. "అమ్మా, వేసుకో, ఎవరేమంటారు?" అని కొడుకు పలుమారులు చెప్పెను. ఎవరును ఏమియు అనకున్నను అనినట్లే తోచునట్టి ఆచారములు కొన్ని కలవు. అవి బయట నుండవు, వేళ్లలోనికి దిగియుండును. మరి అరుగుమీద సుద్దముక్కతో వేయుచున్నారు గదా యని నేనొకసారి అడిగితిని. "అది ముగ్గు కాదమ్మా, పాఠం. సాయంత్రానికి గుడ్డ పెట్టి తుడిచేస్తాం కదా" అనిరి. ఈ భేదమునకు శాస్త్రాధారము లేదు. ఆమెకు అది చాలినది, మేమును దానిని తర్కించలేదు.

లేసు పని సంగతి వేరు. మా మేడమీది పిల్ల తల్లిది నరసాపురమునకు చేరువనున్న పల్లె. ఆ ప్రాంతమున లేసు అల్లిక పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన వచ్చి, ఇంటింటికి ప్రాకినది. ఆమె ఎనిమిదవ యేట తల్లి ప్రక్కన కూర్చుండి కొక్కెపు సూది పట్టినది. చూడకయే అల్లగలదు. ఆమె చేతిలో దారము పువ్వగుట చూచి మాకందరికిని నేర్చుకొనవలెనని ఆశ పుట్టినది. మా వదినగారు అప్పుడే దారపు కండెలు, సూదులు తెప్పించిరి. ఆమెను అడిగితిమి. ఆమె కొంతసేపు పలుకక, "నేర్పుతానండీ. కానీ ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం నాచేత సూది పట్టించకండి" అనెను.

మాకు అర్థము కాలేదు. పిదప ఆమెయే చెప్పెను. తన తల్లి ఉదయము వంట, పశువుల పని, నీళ్లు, పిల్లలు ముగించుకొని, ఉన్న వెలుతురంతయు లేసుకే పెట్టెడిదట. ఏజెంటు దారమిచ్చి పోయి, అల్లిన పువ్వులను లెక్కపెట్టుకొని పట్టుకొనిపోయెడివాడు. ఇచ్చు డబ్బు గూర్చి అడిగినచో, "ఖాళీగా ఉండి చేసుకునే పనికి ఇంకెంత ఇస్తారమ్మా?" అనెడివాడట.

ఈ మాట ఆమె తల్లికి మాత్రమే చెప్పబడినది కాదు. జర్మనీ దేశపు సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురపు లేసు పనివారలను గూర్చి పరిశోధించి 1982 లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆ స్త్రీలను పనివారుగా గాక గృహిణులుగా చూచుటయు, వారి పనిని తీరిక వేళ కాలక్షేపముగా ఎంచుటయు వలననే వారికి కూలి అంత తక్కువగా దక్కుచున్నదని ఆమె వ్రాసినది. లేసు దేశాంతరములకు పోయి అమ్ముడుపోవుచుండగా, అల్లినవారు "ఊరక కూర్చుండలేక" అల్లినట్లు లెక్క. 2024 లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ఊరి పేరు ఆ ఊరి పనికే చెందునట్లు చట్టము కాపాడును. మంచిదే. కాని పువ్వునకు ఎంత యిచ్చిరన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆమె చెప్పినది వినిన పిమ్మట మాకు కొంత సిగ్గు కలిగిన మాట నిజము. సిగ్గుకంటె ఎక్కువగా ఒక సంగతి స్పష్టమైనది. ఒకరి కాలక్షేపము మరియొకరి కూలి కావచ్చును. చేయు పని ఒకటియే, పట్టు సూదియు ఒకటియే. ఎవరు ఎప్పుడు కావలెనన్న అప్పుడు ఆపగలరో, వారిది కాలక్షేపము. అందువలన మేమొక యేర్పాటు చేసికొంటిమి. శనివారములలో ఉదయము ఆమె తన యింటనే మాకు లేసు నేర్పును. దానికి మేము నెలకింత యని యిచ్చుచున్నాము. ఇరుగుపొరుగున డబ్బు పుచ్చుకొనుట యేమిటని మా వదినగారు మొదట నొచ్చుకొనిరి. సంగీతము మాస్టారునకు ఇచ్చుట లేదా యని మా అత్తగారు అడుగగా మరి మాటాడలేదు. మధ్యాహ్నము అరుగునకు వచ్చినప్పుడు ఆమె మా అత్తగారితో వామనగుంటలాడును. మంచి ఆటగత్తె. చింతపిక్కలను లెక్కింపకయే గుంట చూచి ఎన్నియున్నవో చెప్పగలదు. పువ్వుల రేకులు లెక్కించిన కన్నులు గదా. మా అత్తగారు ఓడినప్పుడెల్ల పీట వంకరగా నున్నదందురు.

అట్లని చేతిపనివలన డబ్బు రాకూడదని నా అభిప్రాయము కాదు. వదినగారి సంచులు చూచి బజారులోని దుకాణదారుడొకడు నెలకు యేబది కావలెనని అడిగెను. ఆమె రెండు రాత్రులు ఆలోచించి పది మాత్రము ఒప్పుకొనిరి. "యాభై అంటే మధ్యాహ్నం మీ దగ్గరికి రాలేను" అని కారణము చెప్పిరి. ఆమె భర్త ఇది తెలివిమాలిన లెక్కయని ఈనాటికిని అనుచున్నారు. కావచ్చును. నిమిషములకు గూడ వెలకట్టి చూచినచో నాకు మాత్రము తెలివియైన లెక్కగానే తోచుచున్నది.

రథము ముగ్గు సంగతి చెప్పవలసియున్నది. ధనుర్మాసమంతయు రోజునకొక ముగ్గు వేసి, సంక్రాంతి ముగిసిన పిమ్మట కనుమ నాడు మా వైపు వాకిట రథము వేయుదురు. రథమునకు తాడు గీసి, ఆ తాడును పక్కింటి రథపు తాడుతో కలుపుదురు. వారు తమ తాడును ఆపక్క యింటికి. అట్లు వీధి ఈ చివరనుండి ఆ చివరకు ఇంటింటి రథమును ఒక్క తాటికి కట్టినట్లగును. పండుగను ఊరి పొలిమేర దాటించి సాగనంపుట యని పెద్దలు చెప్పుదురు. నాకు ఆ పండుగ మూడు దినములలోను మిక్కిలి ఇష్టమైనది ఈ తాడే.

అత్తయ్యగారి భర్త పోయినది మొదలు మా తాడు మా గోడ హద్దున ఆగి, వారి యిల్లు విడిచి ఆవలి యింటివద్ద మరల మొదలగుచుండెను. ఎవరును అట్లు చేయవలెనని చెప్పలేదు. అట్లు జరిగిపోవుచుండెను. మేడమీది పిల్ల, మా ఊరికి కొత్తగా వచ్చినది గనుక, అడిగెను: "ఇక్కడ తాడు ఎందుకు తెగింది?" పెద్దవారమెవరమును జవాబు చెప్పలేదు. గ.సా.భా. కనిపెట్టిన పిల్లకు, తెగిన తాటికి కారణము చెప్పుట సులభము కాదు.

2024 కనుమకు ముందునాటి మధ్యాహ్నము నేను అత్తయ్యగారి యింటికి పోయి, "అత్తయ్యగారూ, రేపు మా రథం తాడు మీ గుమ్మం ముందునుంచి పోనిస్తారా?" అని అడిగితిని. అడుగక చేయుట నాకు ఇష్టము లేదు. మనము మేలనుకొని చేయునది వారికి నొప్పి కావచ్చును. ఆమె బియ్యములో రాళ్లు ఏరుచుండిరి. తల యెత్తక, "వీధి నాదా ఏమిటమ్మా? పోనివ్వండి" అనిరి.

మరునాడు తెల్లవారుజామున ఆ పిల్లయు నేనును తాడు లాగితిమి. నేను పట్టినది నేరుగా వచ్చినది. ఆ పిల్ల ఉబలాటముకొద్ది వారి గుమ్మమెదుట మెలిక వేయబోయెను. రెండు పోగులు పెనవేసికొనిపోవు తాడు అది. ఏ పోగు పైనుండి పోవలెనో, ఏది క్రిందినుండియో వరుస తప్పకూడదు. మూడవ మెలికలో తప్పినది. అత్తయ్యగారు తలుపు తీసికొని వచ్చి గడపలో నిలుచుండి చూచుచుండిరి. మేము చూడనట్లే యుంటిమి. నాలుగవ మెలిక కూడ తప్పినప్పుడు, "అది కాదే పిల్లా, కుడి పక్క పోగు పైనుంచి రావాలి" అనిరి. పిల్ల తుడిచి మరల వేసెను. మరల తప్పెను. అప్పుడు ఆమె మెట్లు దిగి వచ్చి, పిల్ల చేతిలోని పిండి గిన్నె పుచ్చుకొని, వంగి, ఆ మెలికను సరిచేసిరి. దానితో ఆగక తన హద్దు చివరి వరకు తాడు తానే లాగిరి. అయిదేండ్ల తరువాత పట్టిన పిండి. గీత వెండ్రుకవాసి చెదరలేదు. గిన్నె పిల్ల చేతికిచ్చి లోపలికి పోయిరి. ఏమియు అనలేదు.

వీధిలో ఒకరు ఏదో అనిరి. దానిని ఇచ్చట వ్రాయను. రెండవ నియమము అడ్డువచ్చుచున్నది. 2025 లోను తాడు ఆమెయే లాగిరి. రథము మాత్రము వేయలేదు. వేయుదురో, వేయరో ఆమె యిష్టము. మేమడుగము.

ఇప్పుడు అరుగుమీద జరుగుచున్న పని ఆమె పుస్తకములకు నకలు వ్రాయుట. తల్లి పుస్తకములోని సిరా వెలిసి గోధుమరంగైనది. ఫోటోలు తీసి దాచవచ్చునని కొందరు చెప్పిరి, తీసితిమి గూడ. కాని ఫోటో తీసినప్పుడు కన్ను మాత్రమే చూచును. చేతితో ఎక్కించినప్పుడు ఏ చుక్కనుండి బయలుదేరవలెనో తెలియును. ఒక్కొక్కరము ఒక్కొక్క పుటను పంచుకొన్నాము. ఎవరి వలన నేర్చుకొన్నదియు ఆమె వ్రాసిన చోట, ఆ పేరును విడువక వ్రాయుచున్నాము.

అందులో ఒక ముగ్గున్నది. ఇరువదియొక్క చుక్కలు, పదునొకటి వరకు, సందు చుక్క. మొత్తము మూడు వందల ముప్పదియొక్క చుక్కలు. పుట క్రింది మూలను పురుగు కొట్టివేసినది. అక్కడ నలుబది చుక్కల వరకు గీతలు లేవు. అత్తయ్యగారు దానిని చిన్నతనమున తల్లి వేయుచుండగా ఒక్కసారి చూచిరట. నడుమ తామర, చుట్టును చిలుకలని మాత్రము జ్ఞాపకము. మిగిలిన మూడు మూలలు చూచి నాలుగవదానిని పూరింపవచ్చునని వదినగారనిరి. అత్తయ్యగారు ఒప్పుకొనలేదు. తన తల్లి ఆ మూలలో ఏదో మార్చి వేసినదనియు, అన్ని మూలలును ఒక్కతీరుగా నుండిన ముగ్గు ఆమె ఎన్నడును వేయలేదనియు చెప్పుదురు. మేడమీది పిల్ల ఇప్పటికి తొమ్మిది విధములుగా వేసి చూపినది. మొన్నటి దానిని అత్తయ్యగారు చాలసేపు చూచి, కండ్లజోడు తీసి తుడుచుకొని మరల పెట్టుకొని చూచి, "ఇంచుమించు ఇలాగే. కానీ ఈ చిలక ఇటు తిరిగి ఉండేది" అని చెప్పి, సుద్దముక్క పిల్ల చేతికిచ్చిరి. మూడున్నర కావచ్చినది. పాలవాడు వచ్చెను.